మిల్లు ఆడవాళ్ల చేతులు, నేను పెట్టబోయిన కత్తెర

మొదటి వారం కెమెరా లేదు

కొత్తగా చేరిన పిల్లలు గడప దాటగానే అడిగేది ఒకటే. "అవ్వా, కెమెరా ఎప్పుడిస్తావు?" నేను వాళ్ల చేతికి నూలు ఇచ్చి కండెలు చుట్టమనేదాన్ని.

నేను ఎమ్మిగనూరులో నేతవాళ్ల ఇంట్లో పుట్టాను. మూడో తరగతి సగంలో ఉండగా పలక లాక్కుని రాట్నం ముందు కూర్చోబెట్టారు. పెళ్లయ్యాక అత్తగారింట్లో కూడా రాట్నమే. నడుం వంగే వయసు దగ్గరపడ్డాక మా పక్కవీధిలో ఒక సంస్థ అద్దెకు దిగింది. వీధుల చరిత్రను ఆ వీధుల పిల్లల చేతే వీడియో తీయించడం వాళ్ల పని. అక్కడ ఊడ్చడానికీ వండడానికీ చేరాను. వాళ్లు కెమెరా పట్టుకుని పోతే జనం తలుపులు వేసుకునేవారు. పక్కన నేనుంటే తీసేవారు. అలా తలుపులు తీయించే మనిషినయ్యాను. తరవాత కెమెరాలు పెట్టే బీరువా తాళం నా మొలకు చేరింది. చివరికి పిల్లలకు నేర్పే పని కూడా నా మీదే పడింది. కాగితం మీద నన్ను శిక్షకురాలు అన్నారు. పిల్లలు 'బీరువా అవ్వ' అనేవారు, నాకు వినబడదనుకుని.

ఇప్పుడు ఆ పని మానేశాను. కొత్తగా వచ్చేవాళ్లకు ఇది రాస్తున్నాను. నా మనవరాలు అక్షరాలు దిద్దింది. మాటలు దిద్దబోతే చెయ్యి మీద ఒకటి వేశాను.

కండెల సంగతికి వస్తాను. రసూల్ అని ఒక పిల్లవాడు మొదటిరోజే ఎదురు తిరిగాడు.

"అవ్వా, నేను వీడియో నేర్చుకునేకి వచ్చినా. కండెలు చుట్టేకి కాదు."

"చుట్టప్పా. చేతులకు గదా పని. నోరు ఖాళీగానే ఉండాది. దాంతో అడుగు."

వాడు మూతి ముడుచుకుని ఒక ముసలామె అరుగు మీద కూర్చుని చుట్టాడు. వాడు చుట్టింది చూసి ఆమెకు నవ్వాగలేదు. నవ్వినామె ఇంక మాట్లాడకుండా ఉండలేదు. ఆ సాయంత్రానికి వాడికి ఆ వీధిలో ఎవరి మగ్గం ఎవరి ఇంటికి ఎందుకు పోయిందో మొత్తం తెలిసిపోయింది. కెమెరాతో పోయి ఉంటే ఆమె పవిట సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కలెక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చునేది.

ఇంకో నియమం కూడా పెట్టాను. ఏం అడగబోతున్నావో నాకు చెప్పి, ఆ తరవాతే ఆన్ చెయ్యాలి. చెప్పలేకపోతే ఆన్ చెయ్యకూడదు. నన్ను పిసినారి అన్నారు. అననీ. ఒకడు ఒక ఇంట్లో రెండు గంటలు తీసుకొచ్చాడు. అందులో ముప్పావు వంతు కోడిపెట్ట. తీసినవాడు మళ్లీ చూడడు నాయనా, కూర్చుని చూసేది నేను.

కెమెరా కనబడితే పింఛను గుర్తుకొస్తుంది

మా దిక్కున చేతిలో కాగితాలూ కెమెరా పట్టుకుని ఎవరొచ్చినా ఏదో పథకం కోసమే అనుకుంటారు. ఇది తెలుసుకోకుండా ఈ పనిలోకి దిగొద్దు.

ఒక నేత తాత ఇంటికి పిల్లల్ని తీసుకుపోయాను. ముందురోజే చెప్పి ఉంచాం కాబట్టి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఫ్యాను విప్పించాడు. గ్యాసు బండను పక్కింటికి పంపించాడు. టీవీ మీద దుప్పటి కప్పి, ఆ పక్కనే గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు.

"తాతా, మీ మగ్గం గురించి సెప్పు."

"మగ్గం యాడుందప్పా. తిండే లేదు. ఇల్లంతా సూసుకో, ఏముంది?"

దుప్పటి కింద నుంచి ఎవరో అత్త తన కోడల్ని తిడుతోంది. టీవీ కప్పారు గానీ కట్టేయడం మరిచిపోయారు. తాత గట్టిగా దగ్గాడు. అత్త ఇంకా గట్టిగా తిట్టింది. పిల్లలు చెంగులూ రుమాళ్లూ నోట్లో కుక్కుకున్నారు. నేనే లేచి దుప్పటి కిందికి చెయ్యి పెట్టి దాని నోరు మూయించాను. ఆ తరవాత తాత గంటసేపు నిజాలు చెప్పాడు. మనిషి అబద్ధం పట్టుబడితే కోప్పడకండి. దాన్ని మీరు కాపాడితే నిజం తానే ఇస్తాడు.

వయసుల విషయంలో నేనే మోసపోయాను. ముసలివాళ్లకు పుట్టినరోజు తెలియదు కదా, ఆధార్ కార్డు చూసి రాయండి అన్నాను. పిల్లలు రాశారు. వీడియోలో ఒక్కొక్కరి ముఖం కిందా పుట్టినరోజు పడింది. సంస్థ నడిపే మా సారు చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అవ్వా, ఈ వీధిలో అందరూ జనవరి ఒకటో తేదీనే పుట్టారా?"

"కార్డు రాసినోడు అందర్నీ ఆ పొద్దే పుట్టించినాడు సార్."

సంవత్సరాలు కూడా అంతే. పింఛను కోసం కొందరు వయసు పెంచుకున్నారు. ఉపాధి పనికి పిలవరేమోనని కొందరు తగ్గించుకున్నారు. ఆ లెక్కన ఒకామె తన పెద్దకొడుకు కంటే చిన్నది. అప్పటి నుంచి ఏళ్లు అడగడం మానిపించాను. "ఆ పని జరిగినప్పుడు నీ చంకలో ఏ బిడ్డ ఉంది?" అని అడగండి. తల్లి అది మాత్రం తప్పు చెప్పదు.

మా సారు

సారు హైదరాబాదు నుంచి వచ్చినవాడు. మంచివాడు. పనివాళ్లకు పెట్టిన అన్నమే తానూ తిన్నాడు. కానీ ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఎవరు కనబడినా "అప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగేవాడు. కంట్లో నీళ్లు రావాలి, ముఖం తెర నిండా ఉండాలి. అదే ఆయన చదువు.

మగ్గం అమ్ముకున్న ఒకామెను అలాగే అడిగాడు. ఆమె ఆయన వంక జాలిగా చూసి, "ఏమనిపిస్తాది సార్? ఇల్లు ఊడ్చేకి బాగుండాది అనిపించింది" అంది. సారు రాని కన్నీళ్ల కోసం కెమెరా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లేచి, నిజంగానే ఊడ్చుకుంది.

ఎలా అనిపించిందని అడగడం సోమరితనం. ఏం చేశావు, చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు అని అడగండి. అనిపించింది ఏదైనా ఉంటే అందులోంచే బయటికి వస్తుంది. ఇది సారుకు నేను నేర్పాను. కానీ ముఖం తెర నిండా ఉండాలనే ఆయన మాట మాత్రం నేను నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే నన్ను ముంచబోయింది.

సువర్ణ దూరంగా నిలబడింది

సువర్ణది గోనెగండ్ల. అమ్మానాన్నలు కూలికి పోతారు. ఆమె ఇంటరు చదివి మా దగ్గర చేరింది. కండె చుట్టే చెయ్యి చూసి నేను మనిషిని పట్టగలను. ఈ పిల్ల చెయ్యి తొందరపడదు, నూలు తెంచదు. సారు కూడా ఆమెను జీతానికి పెట్టుకుంటానన్నాడు. అడ్డమంతా ఆమె తండ్రి లక్ష్మన్న మాటే.

వానకాలం పంటలు అయిపోగానే ఆ ఊళ్లో చాలామంది సుగ్గికి పోతారు. అంటే సంసారాలు కట్టుకుని లారీ ఎక్కి, గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, నెలల తరబడి అక్కడే ఉంటారు. లక్ష్మన్న నా దగ్గరికి వచ్చి నిలబడే మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, కూలోళ్లను తోలకపోయే మేస్త్రీకి మూడు పేర్లు ఇచ్చినా. నాది, దాని తల్లిది, పాపది. మీరేదో బొమ్మ సూపిస్తారంట గదా. వచ్చి సూస్తా. పనికొచ్చే పనే అయితే ఈడ ఉంటాది. ఫోను పట్టుకోని తిరిగే పనే అయితే మాతో లారీ ఎక్కుతాది."

"ఎప్పుడు పోతాండారు లచ్చుమన్నా?"

"మీరు బొమ్మ సూపించిన మూడోదినం."

సువర్ణకు ఆదోనిలో పత్తి మిల్లుల వెనక వీధి ఇచ్చాం. మిల్లుల్లో గింజ తీసే యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. నేనూ వెంట పోయాను. ఆమె తప్పు చేయకూడదని నాకు భయం. భయం ఉంటే నేను ఎక్కువ తిడతాను.

ఈరమ్మ అనే పెద్దామెను అరుగు మీద కూర్చోబెట్టాం. ఆమె వెనక గడప దగ్గర ఆమెతో పనిచేసిన తిమ్మక్క, హుసేన్‌బీ కూర్చున్నారు. సువర్ణ అడిగింది.

"అవ్వా, మిల్లులో పని ఎట్లుండేది?"

"పని మాదిరే ఉండేది."

"పొద్దున పోయి ఏం జేస్తాంటిరి?"

"పత్తి ఏస్తాంటిమి."

"మళ్ల?"

"మళ్ల పత్తే. ఇంగేం ఏస్తారు, బెల్లమా?"

నేను సువర్ణ పక్కకు పోయి, తీయడానికి ఇచ్చిన సంస్థ ఫోనులోకి తొంగి చూశాను. సువర్ణ వీధికి అటువైపు నిలబడి తీస్తోంది. తెరలో ఈరమ్మ, వెనక ఇద్దరు, ఆరేసిన చీర, ఒక మేక. దగ్గరికి పో అని సైగ చేశాను. పోలేదు. గొంతెత్తి, "ముఖం కాడికి పోమ్మే, మేకను తీసేకి వచ్చినావా?" అని అరిచాను. ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. పెద్దవాళ్ల ముఖం మీదికి ఫోను పెట్టడానికి ఆ పిల్లకు సిగ్గు.

రెండు రోజుల తరవాత ఆఫీసులో కూర్చుని చూస్తే ముసలామె మాటలు పిడికెడు కూడా లేవు. మిగిలినదంతా వెనక ఇద్దరూ చేతులాడించడమే.

"ఇదంతా కత్తిరించెయ్," అన్నాను. "ముసిలోళ్లు దోమలు తోలుకుంటాండారు. ఈరమ్మ ముఖం ఒక్కటే పెద్దగా పెట్టు."

"అవ్వా, వాళ్లు ఏందో మాట్లాడుకుంటాండారు."

"నోరు తెరవకుండా ఎట్ల మాట్లాడతార్మే?"

"భుజాలు సూడు. నవ్వు ఆపుకుంటాండారు. నేను నిన్న మళ్ల పోయి అడిగినా. ఏం లేదు పాపా, ఏం లేదు అని ఒకరినొకరు గిల్లుకున్నారు."

"వాళ్లే లేదంటే నీకేమి? కత్తిరించు. మీ నాయన వచ్చి సూసేది ఇదేనా?"

సువర్ణ తల ఊపింది. తల ఊపితే సరేనన్నట్టే అనుకున్నాను. నాది తప్పు.

గోడ మీద బొమ్మ

బొమ్మ చూపించే రోజు, దీపాలు పెట్టే వేళకు మిల్లుల వెనక అదే వీధిలో, గోదాము గోడకు తెల్లబట్ట కట్టాం. బట్ట నేనే తెచ్చాను. కొత్తది కొనాలని సారు అన్నాడు కానీ మా ఇంటి దుప్పటికి ఏం రోగం? మధ్యలో ఒక అతుకు ఉంది, అంతే. వీధంతా వచ్చి కూర్చుంది. లక్ష్మన్న బస్సు దిగి వచ్చి చివర నిలబడ్డాడు, తువ్వాలు భుజాన, చేతులు కట్టుకుని.

ఈరమ్మ ముఖం గోడ మీద కనబడగానే పిల్లలు ఈలలు వేశారు. "పత్తి ఏస్తాంటిమి" దగ్గర కొంచెం నవ్వారు. ఆ తరవాత బెల్లం. ఆ తరవాత మాట లేదు. మేక, ఆరేసిన చీర, గడపలో ఇద్దరు ముసలివాళ్లు చేతులాడిస్తున్నారు. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు! నాకు ఒళ్లు మండిపోయింది. లక్ష్మన్న వైపు చూశాను. ఆయన అటూ ఇటూ చూస్తున్నాడు, బస్సు టైము ఎవరినడగాలా అన్నట్టు. ప్రొజెక్టరు కట్టేద్దామని లేచాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు లేచింది. మామూలు నవ్వు కాదు. ముందు వరసలో ఒక ముసలామె తొడ చరుచుకుంది. ఇంకొకామె పక్కనామె మీద వాలిపోయింది. హుసేన్‌బీ కొంగుతో ముఖం మూసుకుని, "యా అల్లా, అది గుడక పెట్టినార్రా" అంటోంది. నవ్వుతున్నవాళ్లందరూ మిల్లుల్లో చేసినవాళ్లే. మిగతా వీధి బిత్తరపోయి చూస్తోంది. తెర మీద మాట లేదు, పాట లేదు, వీళ్లకేమైంది? వెనక నుంచి ఒక ముసలామె లేచి, గోడ మీది బొమ్మకు తన చేతులతోనే ఏదో జవాబు కూడా చెప్పింది. మళ్లీ నవ్వులు.

సారు నన్ను అడిగాడు. నేను ఈరమ్మను అడిగాను.

"ఏముందక్కా ఆడ?"

మా ముందు మూడు మాటలు దాటని ఈరమ్మ లేచి నిలబడింది.

"మిల్లులో మిషన్లు తిరుగుతాంటే చెవికాడ అరిసినా ఇనపడదక్కా. నోరు తెరిస్తే పత్తి దూది లోపలికి పోతాది. అందుకే చేతుల్తోనే మాట్లాడుకుంటాంటిమి. ఆకలి, నీళ్లు, నీ కొడుకు ఏడుస్తాండాడు, మేస్త్రీ వస్తాండాడు, అన్నీ ఇట్లనే."

"మరి ఈళ్లు ఏమనుకుంటాండారు?"

ఈరమ్మ తిమ్మక్క వంక చూసింది. తిమ్మక్క తల అడ్డంగా ఊపింది. ఈరమ్మకు ఆగేటట్టు లేదు.

"నీ గురించేనక్కా. ఈ కుచ్చెళ్లు దులిపే ఆయమ్మ పొద్దున్నుంచి పాపను తిట్టి సంపుతాండాది. దీనికి మొగుడు లేడా, తిట్టుకునేకి? అంటాది తిమ్మక్క. ఉండే ఉంటాడు, పారిపోయింటాడు, అంటాది హుసేన్‌బీ."

వీధంతా విరగబడి నవ్వింది. నా జీవితంలో ఇంతమంది నన్ను చూసి ఒకేసారి నవ్వడం అదే మొదలు. రసూల్ అయితే నేలమీద దొర్లాడు. వాడిని గుర్తుపెట్టుకున్నాను. కానీ నాకు ఒక మాట దగ్గర ముల్లు గుచ్చుకుంది. తిట్టినందుకు కాదు.

"కుచ్చెళ్లు దులపడమేంది? నేనెప్పుడు దులిపినా?"

నవ్వులు తగ్గాయి. ఈరమ్మ తన చీర కుచ్చెళ్లను రెండు చేతులా పట్టుకుని దులిపి చూపించింది. తెర మీద తిమ్మక్క చేసింది అదే.

"సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గేటుకాడ ఒక గుమాస్తా నిలబడేటోడు. చీరకు అంటుకున్న పత్తి పీచు గుడక బయటికి పోకూడదంట. ఒక్కొక్కరం ఆయప్ప ముందర నిలబడి కుచ్చెళ్లు దులపల్ల. అంతమంది మగోళ్లు పోతా వస్తాంటే. ఆయప్పకు పేరు పెట్టినాము, ఇట్ల. ఆయప్ప పోయినాడు. పేరు మాత్రం మాకాడ ఉండాది. ఎవరన్నా ఊరికే గదమాయిస్తే ఈ పేరు పెడతాము."

ఈరమ్మ కోడలు, ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి, "ఇది నాకెప్పుడూ సెప్పలేదే అత్తా" అంది. "నువ్వు అడగలేదు గదే" అంది ఈరమ్మ. అంతే, ఇంకొకామె లేచింది, ఆ పక్కనామె లేచింది. గేటు కాడి సంగతులు, పాలిచ్చే తల్లుల సంగతులు, ఒకరి మాట ఒకరు అందుకుని చేతులతో చేసి చూపిస్తున్నారు. సువర్ణ ఒక మూల నిలబడి నా ముఖం చూస్తోంది. ఏం అడుగుతావో చెప్పి ఆన్ చెయ్యాలి కదా!

"సూస్తాండావేమ్మే, ఆన్ చెయ్!" అని అరిచాను. అరిచాక, నా పేరు మళ్లీ ఒకసారి నాలుగు వైపులా చేతుల్లో మెదిలింది.

ఆ సాయంత్రం తీసిందే ఆ వీధి చరిత్ర. నేను చెప్పినట్టు ముఖం దగ్గరికి పోయి ఉంటే ఆ చేతులు తెరలోకి వచ్చేవే కావు. నేను చెప్పినట్టు కత్తిరించి ఉంటే బుట్టలో పడేవి. పిల్లలూ, మీకు అర్థం కానిది కనబడితే కత్తెర పెట్టకండి. అది అర్థమయ్యే మనిషి దొరికేదాకా ఉంచండి. పెద్దవాళ్లు చెప్పినా సరే. నేను చెప్పినా సరే.

లారీ

లక్ష్మన్న బస్సు పోగొట్టుకున్నాడు. చివరిదాకా ఉన్నాడు. అందరూ లేచాక నా దగ్గరికి వచ్చాడు.

"పనికొచ్చే పనేనా లచ్చుమన్నా?" అన్నాను.

"ఆదోని వాళ్లకు పనికొచ్చింది." తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. "మేము గుడక ఎన్నో ఏండ్లుగా సుగ్గికి పోతాండాము. యాడ పండుకుంటాము, ఏం తింటాము, పిల్లోళ్లను యాడ ఏస్తాము, ఎవరన్నా తీసినారా? పాప ఎల్లుండి లారీ ఎక్కుతాది."

సువర్ణ తల వంచుకుంది.

"కోతకు కాదమ్మా," అన్నాడు. "తీసేకి. నాలుగు దినాలు తీసుకోని, బస్సెక్కి మళ్ల నీ కాడికి వచ్చేస్తాది. ఫోను ఇస్తావా?"

ఆ బీరువాలో ఉండే ఫోను ఏనాడూ ఒక రాత్రి బయట నిద్రపోలేదు. నేను సారు వంక చూశాను. సారు నా వంక చూశాడు. తాళం నా మొలలోనే ఉంది మరి.

మూడోరోజు పొద్దున ఫోను, ఛార్జరు, తడవకుండా రెండు ప్లాస్టిక్ కవర్లు నేనే గోనెగండ్లకు తీసుకుపోయాను. లారీ నిండా మూటలు, చాపలు, కోళ్లు, పిల్లలు. వీడియో తీస్తారని తెలిసి ఆడవాళ్లు సగంమంది దిగి ఇళ్లకు పోయి మంచి చీరలు కట్టుకొస్తున్నారు. లారీ కదలక మేస్త్రీ తల బాదుకుంటున్నాడు. అందరూ ఎక్కాక కాగితం తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"లక్ష్మన్న."

"ఉండా."

"ఆయన పెండ్లాము. ఆఁ. సువర్ణ!"

"ఆ పేరు కొట్టెయ్," అన్నాడు లక్ష్మన్న.

"కొట్టేసేదేందప్పా? మనిషి లారీలోనే ఉంది గదా!"

"మనిషి ఉంటాది. పేరు కొట్టెయ్."

మేస్త్రీ జేబులు తడుముకున్నాడు. పెన్ను లేదు. నాది ఇచ్చాను. ఆయన గీసిన గీత కింద పేరు ఇంకా చదవడానికి వస్తోంది. రెండో గీత కూడా గీయించి, పెన్ను వెనక్కి తీసుకున్నాను.